లేని స్టెప్నీకి మూత

1961 మోడల్ ఇంపీరియల్ కారు ఫొటో ఎప్పుడైనా చూశారా? క్రైస్లర్ కంపెనీ అమ్మిన కార్లలో అన్నిటికన్నా పై మెట్టు మీద కూర్చోబెట్టిన కారు అది. అన్ని కార్లకీ ఉన్నట్టు హెడ్‌లైట్లు బాడీలో ఒదిగి ఉండవు. ఫెండర్ కింద గుంటలా తొలిచి, అందులో క్రోమ్ గిన్నెల్ని విడివిడిగా కాడల మీద నిలబెట్టారు. వెనక్కి వెళితే రెండు పక్కలా లేచిన తోకరెక్కలు, వాటి కింద వేలాడే ఎర్ర దీపాలు. కావాలని అడిగినవాళ్లకి ఇంకో సోకు కూడా ఉండేది. డిక్కీ మూత మీద గుండ్రంగా, స్టెప్నీ ఆకారంలో ఉబికిన ఒక చట్రం. దాని కింద స్టెప్నీ ఉండదు. అసలు స్టెప్నీ డిక్కీ లోపల తన చోట తను ఉంటుంది. ఇది కేవలం లేని స్టెప్నీకి మూత. జనం దానికి టాయిలెట్ సీటు అని పేరు పెట్టారు, ఆ పేరే నిలిచిపోయింది.

అరవై ఏళ్లు దాటినా ఈ కారు గురించి రాజీ కుదరలేదు. అమెరికా డిజైన్‌కి పిచ్చెక్కిన రోజులకి ఇదే పరాకాష్ఠ అని కొందరంటారు. భయం లేకుండా గీసిన చివరి కారు ఇదే, దీని తర్వాత అన్నీ ఫ్రిజ్‌లు, బీరువాలే అని ఇంకొందరంటారు. ఇద్దరూ ఒకే ఫొటో చూసి మాట్లాడుతున్నారు. ఇద్దరి కళ్లూ బాగానే ఉన్నాయి.

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అనేసి లేచి వెళ్లిపోవచ్చు. కానీ ఆ సామెత వాడేవాళ్లెవరూ దాన్ని నిజంగా నమ్మరని నా అనుమానం. నాకు కాకరకాయ ఇష్టం, నీకు ఇష్టం లేదు, అక్కడితో సరి. దాని మీద ఎవరూ పుస్తకాలు రాయరు. అదే ఒక కారు గురించో, ఇంటి గురించో, సినిమా గురించో అయితే ఎందుకంత కోపం వస్తుంది? "అది నీకెలా నచ్చిందిరా బాబూ" అన్నప్పుడు ఆ గొంతులో ఉన్నది నాలుకకి సంబంధించిన సంగతి కాదు. అవతలి మనిషి మీద ఏదో అభియోగం మోపుతున్నాం. ఏమిటా అభియోగం అన్నదే నా ప్రశ్న.

ఇంపీరియల్‌ని గీయించిన మనిషి వర్జిల్ ఎక్స్‌నర్. ఈయన పేరు మన దగ్గర ఎవరికీ తెలియదు గానీ, ఈయన చేతి గీత మన రోడ్ల మీద తిరిగింది. 1947 మోడల్ స్టూడిబేకర్ ఆకారం వెనక ప్రధానంగా ఉన్నది ఈయనే. పేరు మాత్రం ఎక్కువగా రేమండ్ లోవీ ఖాతాలోకి పోయింది, అది ఇంకో పెద్ద కథ. ముందూ వెనకా ఒకేలా ఉందని, వస్తోందా పోతోందా తెలీడం లేదని అమెరికాలో జోకులేసిన ఆ స్టూడిబేకర్‌ని హిందుస్థాన్ మోటార్స్ ఇక్కడ బిగించి అమ్మింది. బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు డాడ్జ్, ప్లిమత్, డీసోటో బిగించేవారు. నలుపు తెలుపు సినిమాల్లో జమీందారు బంగ్లా ముందు ఆగే పొడవాటి కారంటే మనకి గుర్తొచ్చేది ఆ తరం బళ్లే. 1950ల నడిమికల్లా జనరల్ మోటార్స్, ఫోర్డ్ ఇద్దరూ ఇక్కణ్ణుంచి సర్దుకుని వెళ్లిపోయారు. అందుకే అమెరికన్ తోకరెక్కలు పూర్తిగా విచ్చుకున్న రోజులకి మన రోడ్లు వాటిని చూసే అవకాశం తక్కువ. అయినా ఆ గాలి ఇటలీ మీదుగా మన దాకా వచ్చింది. ఫియట్ 1100, తర్వాత అదే ప్రీమియర్ పద్మిని, ఈసారి ఎక్కడైనా కనిపిస్తే వెనక నుంచి చూడండి. బుల్లి రెక్కలు. బాతుపిల్లకి మొలిచినట్టు, సిగ్గు పడుతూ. ఇంటిల్లిపాదీ అందులో ఇరుక్కుని అరసవల్లి వెళ్లొచ్చిన బండిని ఎవరూ వెకిలిగా ఉందనలేదు. అసలు పద్మినికి రెక్కలున్నాయని గమనించినవాళ్లే తక్కువ. ఆకారం ఒక్కటే, సైజు మారితే తీర్పు మారిపోతోంది. ఇది కూడా గుర్తుంచుకోవాల్సిన విషయమే.

రుచి తగాదాల్లో అందరూ చివరికి చెప్పే మాట ఒకటుంది: కాలమే తేలుస్తుంది. దీనికి సాక్ష్యాలు లేకపోలేదు. 1934లో క్రైస్లర్ వాళ్లే ఎయిర్‌ఫ్లో అనే కారు తెచ్చారు. కార్ల్ బ్రీర్ అనే ఇంజినీరు గాలి సొరంగంలో నమూనాలు పెట్టి చూస్తే, అప్పటి కార్లు ముందుకన్నా వెనక్కి నడిస్తేనే గాలిని బాగా చీలుస్తాయని తేలింది. దాంతో కారు ఆకారాన్నే మొదటి నుంచీ ఆలోచించారు. ఇంజిన్ ముందుకి జరిగింది, కూర్చునేవాళ్లకి కుదుపు తగ్గింది. లెక్క ప్రకారం అన్నీ సరిగ్గా ఉన్నాయి. జనం ఆ గుండ్రటి మూతిని చూసి వద్దన్నారు. 1937తో ఆపేశారు. ఇవాళ డిజైన్ చరిత్ర పుస్తకాల్లో ఎయిర్‌ఫ్లోకి గౌరవమైన చోటుంది.

1935 నవంబర్లో న్యూయార్క్ ప్రదర్శనకి వచ్చిన కార్డ్ 810 సంగతి ఇంకా బాగుంటుంది. గోర్డన్ బ్యూరిగ్ గీసిన కారు. ముందు గ్రిల్ లేదు, చుట్టూ తిరిగిన గీతలతో మొద్దు ముక్కు, హెడ్‌లైట్లు ఫెండర్లలోకి దాక్కుంటాయి. శవపేటిక ముక్కు అని పేరొచ్చింది. రెండేళ్లలో తయారీ ఆగిపోయింది. 1951లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం ఎనిమిది కార్లని శిల్పాల్లా నిలబెట్టి చూపించినప్పుడు అందులో ఒకటి కార్డ్. ఫోర్డ్ వారసుడు ఎడ్సెల్ కోసం గీసిన లింకన్ కాంటినెంటల్ ఇంకొకటి. దాని వెనక స్టెప్నీ బయటికి కనిపిస్తుంది, అది నిజమైన స్టెప్నీ. ఇరవై ఏళ్ల తర్వాత ఇంపీరియల్ డిక్కీ మీద ఉబికిన ఖాళీ చట్రం అలాంటి కార్ల జ్ఞాపకమే.

కాలం తీర్పు గురించి బాగా ఆలోచించిన మనిషి డేవిడ్ హ్యూమ్. రుచికి ప్రమాణం ఉందా అన్న ఆయన వ్యాసం 1757లో అచ్చయింది. మావైపు వాళ్లకి ఆ ఏడాది వేరే కారణానికి గుర్తు. జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగిన సంవత్సరం. ఇక్కడ కోట తగలబడిన రోజులకి కాస్త అటూ ఇటుగా, అక్కడ ఒకాయన మనకి నచ్చేవి ఎందుకు నచ్చుతాయో తీరిగ్గా రాసుకున్నాడు. సరే, ఆయన్ని తప్పుపట్టలేం. హ్యూమ్ అనేదేమిటంటే, ఫ్యాషనూ అసూయా మొహమాటమూ అడ్డుతొలిగాక కూడా నిలిచేదే అసలైనది. హోమర్ రెండు వేల ఏళ్ల క్రితం నచ్చాడు, ఇప్పుడూ నచ్చుతున్నాడు కదా అంటాడు.

హోమర్‌కి సరే. కార్ల దగ్గర ఈ సూత్రం నాకు అతకడం లేదు. 1957 సెప్టెంబర్లో ఫోర్డ్ వాళ్లు తెచ్చిన ఎడ్సెల్ కారు ఉంది. పేరు కోసం కవయిత్రి మేరియన్ మూర్‌ని అడిగితే ఆవిడ యుటోపియన్ టర్టిల్‌టాప్ లాంటి పేర్లు పంపింది. కంపెనీ వాళ్లు దడుచుకుని, చనిపోయిన యజమాని పేరు పెట్టుకున్నారు. నిలువు గ్రిల్‌ని చూసి గుర్రం మెడపట్టెడ అన్నారు, నిమ్మకాయ చప్పరిస్తున్న మొహం అన్నారు. రెండేళ్లకి మూతపడింది, నష్టం దాదాపు 25 కోట్ల డాలర్లు. ఇవాళ దాన్ని ప్రాణంగా దాచుకునేవాళ్లున్నారు. ఇందులో కాలం తేల్చింది ఏమిటి? అందం బయటపడిందా? కాదనుకుంటాను. ఆ కారుని ఇవాళ ఎవరూ కొనక్కర్లేదు. పక్కింటాయన కొని మన గేటుకి ఎదురుగా పెట్టడు. దాని వాయిదాలు ఎవరూ కట్టక్కర్లేదు. పందెం లేని ఆట అది. కాలం అందాన్ని కనిపెట్టదు, చాలాసార్లు బాకీని కొట్టేస్తుంది అంతే. బాకీ పోయాక అందరం ఉదారులమే.

అదే వ్యాసంలో హ్యూమ్ సాంకో పాంజా చుట్టాల కథ ఒకటి చెబుతాడు. పీపాలో వైను రుచి చూసి ఒకడు బాగుంది గానీ తోలు వాసన అంటాడు, ఇంకొకడు ఇనుము వాసన అంటాడు. అందరూ నవ్వుతారు. పీపా ఖాళీ చేస్తే అడుగున తోలుతాడు కట్టిన ఇనప తాళంచెవి దొరుకుతుంది. నేను రోజూ చేసే పని వల్ల కాబోలు, నాకీ కథ మహా ఇష్టం. ఎవడో ఒకడు ఏదో తేడాగా ఉంది అంటాడు, మిగతావాళ్లు నవ్వుతారు, చివరికి లాగ్స్ తీస్తే నిజంగానే అడుగున ఏదో ఉంటుంది.

తోకరెక్కల పీపాలో తాళంచెవి ఉందా? ఉంది. 1965లో రాల్ఫ్ నేడర్ దాన్ని తీసి చూపించాడు. ఏ వేగంలోనైనా ప్రమాదమే అని పేరు పెట్టిన ఆయన పుస్తకంలో, క్యాడిలాక్ తోకరెక్కలు పాదచారుల్ని, సైకిళ్ల మీద వెళ్లేవాళ్లని గుచ్చిన ఘటనలున్నాయి. ఆగి ఉన్న కారు రెక్క కూడా కోస్తుంది. 1948 క్యాడిలాక్‌కి మొదటిసారి చిన్న రెక్క పెట్టించినప్పుడు హార్లీ ఎర్ల్ మనసులో ఉన్నది పీ-38 యుద్ధవిమానం. పదకొండేళ్లలో అది దాదాపు 19 అడుగుల పొడవున్న కారు మీద మొనదేలిన కత్తి అయింది. దాన్ని చూసి ఎవరైనా ఒళ్లు జలదరించింది అంటే, అది జిహ్వకో రుచి కాదు. పీపాలో ఇనుము ఉంది.

కానీ ఇక్కడ ఆగి ఒకటి అడగాలి. 1950ల్లో రెక్కల్ని ఈసడించినవాళ్లు ఈ కారణానికి ఈసడించారా? లోవీ 1955లో ఈ కార్లని చక్రాల మీద జ్యూక్‌బాక్సులన్నాడు. జాన్ కీట్స్ 1958లో ఒక పుస్తకం నిండా వాటిని తిట్టిపోశాడు. కవి కాదు, అదే పేరున్న అమెరికన్ పత్రికా రచయిత. సైకిలు మీద వెళ్లే పిల్ల సంగతి వాళ్ల ఫిర్యాదులో ముఖ్యం కాదు. క్రోమ్ ఎక్కువ, ఆడంబరం ఎక్కువ, కొనేవాడికి తాహతు లేని సోకు, ఇదీ బాధ. తీర్పు సరైనదే కావచ్చు. కారణం మాత్రం వేరే చోట నుంచి వచ్చింది.

ఆ చోటు ఏమిటో క్యాడిలాక్ చరిత్రలో ఇంకో పేజీ తిప్పితే తెలుస్తుంది. 1930ల మొదట్లో ఆ కారుని నల్లవాళ్లకి అమ్మకూడదన్నది కంపెనీ పద్ధతి. డబ్బున్న నల్లజాతి డాక్టర్లు, బాక్సర్లు ఒక తెల్లవాడికి పైసలిచ్చి, అతని పేరు మీద కొనిపించుకునేవారు. నికొలస్ డ్రేస్టాట్ అనే అధికారి, మన కారు కోసం ఇంత కష్టపడుతున్నవాళ్లకి మనమే ఎందుకు అమ్మకూడదని పైవాళ్లని ఒప్పించాడని పీటర్ డ్రకర్ రాశాడు. 1949లో ఎబొనీ పత్రిక నల్లవాళ్లు క్యాడిలాక్‌లు ఎందుకు కొంటారు అని ఏకంగా సంపాదకీయమే రాసింది. మంచి పేటలో ఇల్లు అమ్మరు, మంచి హోటల్లో గది ఇవ్వరు, మరి సంపాదించిన మనిషి తను ఎవరికీ తీసిపోనని ఎక్కడ చూపించుకోవాలి? చక్రాలున్న గౌరవం ఒక్కటే కొనుక్కోగలిగింది. షుగర్ రే రాబిన్సన్ గులాబీ రంగు క్యాడిలాక్‌లో హార్లెమ్ వీధుల్లో వెళ్తుంటే, ఎంత వెకిలి రంగో అని ముక్కు చిట్లించినవాళ్లు నిజంగా రంగు గురించే మాట్లాడారా?

ఇక మా ఊరి సంగతికొస్తాను. టెక్కలి దాటాక, హైవే దిగి లోపలికెళితే మా చిన్నాన్న కట్టించిన ఇల్లుంటుంది. పద్దెనిమిదేళ్లు గల్ఫ్‌లో వెల్డింగ్ పని చేశాడాయన. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు ఇలాంటి ఇళ్లు ఊరికి నాలుగైదు దొరుకుతాయి. చిలకపచ్చ గోడలు, వంగపండు రంగు అంచులు, రెండంతస్తుల ఎత్తున సిమెంటు స్తంభాలు, స్తంభాల తలల మీద విప్పిన తామరలు, పిట్టగోడ మీద రెండు సింహాలు. సింహాల నాలుకలకి ఎర్ర ఎనామిల్ వేశారు. చిన్నాన్న కొడుకు బెంగళూరులో డిజైనర్. యాప్‌లకి బొమ్మలూ బటన్లూ గీస్తాడు, బాగా గీస్తాడు. ఫ్రెండ్స్‌ని పండక్కి ఊరికి తీసుకురాడు. "అన్నయ్యా, ఆ సింహాల్ని చూపించి నేను డిజైనర్ని అని ఎలా చెప్పుకోను" అంటాడు. వాడి ఫ్లాట్లో సోఫా వెనక గోడకి నిలువెత్తు పోస్టరుంది. 1959 క్యాడిలాక్, ఎర్రది, వెనక నుంచి తీసింది. తోకరెక్కలు, వాటి మధ్యన జంట బుల్లెట్ దీపాలు.

నాలుకలకి ఎనామిల్ వేసిన సింహం వెకిలి, బుల్లెట్ దీపాలు పెట్టిన రెక్క క్లాసిక్. ఈ తేడా ఎక్కడుందిరా అని అడిగాను. వాడు తెలివైనవాడు, చేతికందిన జవాబు చెప్పి ఊరుకోలేదు. "క్యాడిలాక్‌లో ఒక ఊహ ఉంది అన్నయ్యా. జెట్ యుగం, రాకెట్లు, భవిష్యత్తు. నాన్న సింహాల్లో ఏముంది? ఎక్కడో రాజుగారి కోటలో చూసినదానికి నకలు. ఆ స్తంభాలు ఏమీ మొయ్యవు, లోపల ఖాళీ పైపు." మంచి వాదనే. డిజైన్ కాలేజీల్లో ఇదే నేర్పుతారు కూడా: రూపం అబద్ధం చెప్పకూడదు.

అయితే మొయ్యని స్తంభానికీ, లేని స్టెప్నీ మీది మూతకీ ఏమిటి తేడా? ఎక్స్‌నర్ కూడా పాత రాజుల్నే తలుచుకున్నాడు. విడిగా నిలబెట్టిన హెడ్‌లైట్లు 1930ల నాటి ధనవంతుల కార్లకి నకలు. రెక్కల వల్ల వేగంలో కారు నిలకడగా ఉంటుందని క్రైస్లర్ వాళ్లు చెప్పుకున్నారు గానీ, సంతకెళ్లే వేగంలో రెక్క పని ఏమీ లేదు. క్యాడిలాక్ అయితే ఎగరని విమానం. నకలు, అబద్ధం అన్నవి నేరాలైతే పోస్టరు కూడా గోడ దిగాలి.

అసలు రూపానికి పని మాత్రమే కారణమా? దసరా వెళ్లిన మంగళవారం ఇజీనారంలో సిరిమాను చూడండి. యాభై అరవై అడుగుల చింతమాను, బండి మీద ఏటవాలుగా నిలబెట్టి, దాని కొసన పీట మీద పూజారి. మూడు లాంతర్ల నుంచి కోట దాకా మూడుసార్లు. ముందు తెల్ల ఏనుగు, అంజలి రథం, పాలధార, బెస్తవారి వల. వాహనం అన్న మాటకి ఇంతకన్నా వింత రూపం నేనైతే చూళ్లేదు. గాలి సొరంగంలో పెడితే కార్ల్ బ్రీర్ ఏమనేవాడో తెలీదు. లక్షల మంది చూస్తారు, ఇది అందంగా ఉందా, వికారంగా ఉందా అని ఎవరూ అడగరు. ఆ ప్రశ్నే అక్కడ పుట్టదు. ఎందుకలా ఉండాలో ఊరంతటికీ తెలుసు, చెప్పమంటే తలా ఒక రకంగా చెబుతారు, అది వేరే సంగతి. చిన్నాన్న సింహాలకీ, ఎక్స్‌నర్ మూతకీ అలాంటి ఊరు లేదు. ఒక్కడే నిలబడి తన గురించి చెప్పుకోవాల్సిన మనిషి ఎంచుకున్న రూపాలవి. అలా ఒంటరిగా చెప్పుకునేవాడు గొంతు పెంచుతాడు. మనం ఆ గొంతుని వెకిలి అంటాం, అదే గొంతు ముందు తరం అమెరికన్‌ది అయితే ధైర్యం అంటాం.

ఇంతవరకూ చదివి, అయితే అందరి రుచీ గొప్పదే, ఎవర్నీ ఏమీ అనకూడదు అని నేను అంటున్నానని మీరు అనుకుంటే, కాదు. ఆ మాట నాకు మరీ చిరాకు. మా బంధువుల్లో బాగా చదువుకున్నవాళ్లు కొందరు ఆ ఇల్లు చూసి, "మీకు నచ్చింది కదా బాబాయ్, అదే ముఖ్యం" అని చిరునవ్వు నవ్వి వెళ్లారు. చిన్నపిల్లాడు గీసిన ఏనుగు బొమ్మని మెచ్చుకున్నట్టు. వాదించడానికి కూడా తగనివాడని మనిషిని పక్కన పెట్టడం అది. వెక్కిరించినవాడు కనీసం ఇద్దరికీ కళ్లున్నాయని ఒప్పుకున్నాడు. హ్యూమ్ కథలో చుట్టాలు కూడా ఊరికే "నాకు నచ్చలేదు" అనలేదు. తోలు అన్నారు, ఇనుము అన్నారు. వెతికితే దొరికే మాట చెప్పారు.

అందుకని తమ్ముడితో అన్నాను: బాగాలేదంటే బాగాలేదని నాన్నకే చెప్పు. కానీ ఏది బాగాలేదో, ఎందుకో, ఎవరికి నష్టమో చెప్పు. ఫ్రెండ్స్ ముందు సిగ్గు అన్నది కారణం కాదు, అది నీ బాకీ, ఆయనది కాదు.

సంక్రాంతికి వాడు నిజంగానే మొదలెట్టాడు. డాబా మెట్ల మీద ముగ్గురం కూర్చుని ఉన్నాం. స్తంభాల లావు వల్ల ముందు గదిలోకి మధ్యాహ్నం వెలుతురు రావడం లేదని, అమ్మ పగలే లైటు వేసుకుని కూరలు తరుగుతోందని చెప్పాడు. చిన్నాన్న కాసేపు మాట్లాడలేదు. లేచి గదిలోకెళ్లి, స్విచ్చి ఆపి, నిలబడి చూసి వచ్చాడు.

"అవున్రా, సీకటిగానే ఉన్నాది. మేస్త్రీ ఆ మాట సెప్పనేదు," అన్నాడు. తర్వాత పిట్టగోడ వైపు తలెత్తి, "మరి సింహాలేటి సేసినాయి?" అని అడిగాడు.

వాడు నోరు తెరిచి, మళ్లీ మూసి, నావైపు చూశాడు. నేను సింహాల వైపు చూస్తున్నాను. పొద్దు వాటి వెనక ఉంది, ఎనామిల్ నాలుకలు రెండూ మెరుస్తున్నాయి.

"బాగోనేదు అంటే తీయించెత్తాను. దాని జాగాలో ఏటి ఎట్టాలో నువ్వే గీసి సూపెట్టు," అన్నాడు చిన్నాన్న.

వాడింకా గీస్తున్నాడు. ఇప్పటికి నాలుగు బొమ్మలు పంపాడు. మూడోది పరవాలేదు.